తోట అంచు ఎవరిది?

ధ్యానమునకు చదువవలసిన వాక్యభాగములు: లేవీయకాండము 19:9-10, ద్వితీయోపదేశకాండము 23:24-25, రూతు 2వ అధ్యాయము, 2 కొరింథీయులకు 8:13-15.



వేసవి మరల వచ్చినది. కాలువలు కట్టివేసిరి. వరి కోతలై, మినుము, పెసర కూడ ఇండ్లకు చేరిన తరువాత మా డెల్టా పొలములు నెఱ్ఱెలు విచ్చి బోసిగా పడియున్నవి. ఈ కాలమున కంటికి పచ్చగా ఏదైన కనబడినయెడల, అచ్చట ఎవరో ఒకరు నీళ్లు మోయుచున్నారని తెలిసికొనవచ్చును. వానకాలపు పైరు ఆకాశమువైపు చూచును. వేసవి కూరతోట మనుష్యుని భుజమువైపు చూచును. మోషే ఇశ్రాయేలీయులతో మాటలాడుచు ఐగుప్తు దేశమును కూరతోటతో పోల్చెను. అచ్చట విత్తినవాడు తన కాలితో నీరు కట్టవలసినదే, వారు చేరబోవు దేశమో ఆకాశవర్షమును త్రాగు దేశము (ద్వితీ. 11:10-11). వేసవిలో బిందె ఎత్తినవారెవరికిని ఈ మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు.

ఈ నెల ధ్యానమునకు మేము ఒక కూరతోటనే తీసికొనుచున్నాము. అది మా దేవాలయము వెనుకనున్న 15 సెంట్ల నేల. గడచిన వేసవిలో అందు పండినదేమో, మేము నేర్చుకొనినదేమో, మేము చేసిన తప్పేమో దాచకుండ మీ యెదుట ఉంచగోరుచున్నాము.

మా తోట

ఆ నేల చిరకాలము తుమ్మయు జిల్లేడును మొలచి యుండెను. సంఘములోని 12 కుటుంబములవారు కలిసి దానిని బాగుచేసిరి. సంక్రాంతి దాటిన పిమ్మట దున్ని, చివికిన పశువుల ఎరువు వేసి, ఫిబ్రవరి నడుమ విత్తనములు పెట్టితిమి. బెండ, గోరుచిక్కుడు, దోస, బీర, వంగ, గోంగూర, తోటకూర, కొంచెము టమాట కూడ వేసితిమి. తోటకూర నెల తిరిగినంతనే కోతకు వచ్చెను. బెండ 45 దినములకు తొలికాయ ఇచ్చెను. బీరకు పందిరి వేసితిమి. పాదుల చుట్టు వరిగడ్డి పరచితిమి. గడ్డి పరచిన చోట ప్రొద్దుట పోసిన తడి సాయంకాలమువరకు నిలిచెను. ఎండ ముదిరిన తరువాత తెల్లవారకముందును, ప్రొద్దు గ్రుంకిన తరువాతను మాత్రమే నీళ్లు పోసితిమి. తెల్లదోమ వాలి బెండకు పల్లాకు తెగులు తగిలినప్పుడు ఆ మొక్కలను పీకివేసి, మిగిలినవాటిని వేపగింజల కషాయముతో కాపాడుకొంటిమి.

పనికి ఒక కట్టుబాటు ఏర్పరచుకొంటిమి. దినమునకు రెండు కుటుంబముల వంతు. వంతునకు 60 బిందెల నీరు. ఎవరు వచ్చిరో ఎవరు రాలేదో ఒక పుస్తకములో వ్రాసితిమి. దినము విడిచి దినము కాయలు కోసి, త్రాసులో తూచి, పుస్తకము చూచి పంచితిమి. వంతు తప్పినవారికి ఆ వారపు భాగము తగ్గెను. ఇది న్యాయమని మాకు తోచెను. ఇప్పటికిని అది అన్యాయమని మేము చెప్పుట లేదు. అది చాలని న్యాయమని మాత్రమే చెప్పుచున్నాము.

కలిసి విత్తి కలిసి కోయవలెనను ఆలోచన మాతో పుట్టినది కాదు. 1649వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఇంగ్లండునందు సర్రే సీమలోని సెయింట్ జార్జి కొండమీద, జెరార్డు విన్‌స్టాన్లీ అను భక్తుడును కొందరు పేదలును బీడుభూమిని త్రవ్వి, క్యారెట్టు మొదలైన దుంపకూరలును చిక్కుడును విత్తిరి. దేవుడు భూమిని కొందరికొరకు గాక అందరి పోషణకొరకు కలుగజేసెనని వారు నమ్మిరి. చుట్టుపట్ల భూస్వాములు వారి పైరు త్రొక్కించి, గుడిసెలు పడగొట్టిరి. 1650 వసంతకాలమునకు వారు చెదరిపోయిరి. వారి తోటను బయటివారు పాడుచేసిరి. మా తోటకు వచ్చిన ఆపదయో, లోపలినుండియే వచ్చెను.

వేసవి పండ్ల గంప

ఆ సంగతి చెప్పకముందు ఒక్కమాట. వేసవి పంట పరిశుద్ధ గ్రంథమునకు క్రొత్త సంగతి కాదు. 1908లో గెజెరు అను పురాతన పట్టణపు దిబ్బలను త్రవ్వించుచున్న మెకాలిస్టరు అను పండితునికి ఒక చిన్న సున్నపురాతి పలక దొరికెను. అది అరచేతిలో ఇముడునంతటిది. క్రీస్తుకు పూర్వము సుమారు 10వ శతాబ్దమునాటిదని పండితులు చెప్పుదురు. దానిమీద ఒక సంవత్సరపు వ్యవసాయపు పనులు నెలల వరుసన చెక్కబడియున్నవి. విత్తుట, అవిసె కోయుట, యవలు కోయుట, ద్రాక్షతీగెలు బాగుచేయుట అను వరుసలో చిట్టచివర నిలిచిన నెల వేసవి పండ్ల నెల.

ప్రవక్తయైన ఆమోసునకు దేవుడు చూపిన దర్శనము కూడ వేసవి పండ్ల గంపయే (ఆమోసు 8:1-2). హెబ్రీ భాషలో వేసవి పండు అను మాటయు, అంతము అను మాటయు చెవికి దగ్గర దగ్గరగా వినబడును. గంపను చూచిన ప్రవక్త అంతమును వినెను. ఏటి కోతలో చివరిదైన గంప జనుల లెక్కలో కూడ చివరిది ఆయెను. ఆ లెక్క దేనినిగూర్చినదో తరువాతి వచనములే చెప్పును. దరిద్రులను త్రొక్కివేయువారినిగూర్చి, కొలతపాత్ర చిన్నదిచేసి తూనికరాయి పెద్దదిచేయువారినిగూర్చి, గోధుమల చెత్తను సహితము అమ్ముకొనువారినిగూర్చి దేవుడు అచ్చట మాటలాడెను (8:4-6). అనగా గంప నిండుగానున్నది, పండు మంచిదే, అయితే దానిని కొలిచిన చేయి మంచిది కాదు. ఈ భాగమును మేము పలుమారులు చదివియుంటిమి. మా త్రాసు ప్రక్కన నిలిచి చదువుట మాత్రము గడచిన వేసవిలోనే సంభవించెను.

కంచెలో చేయి

ఏప్రిల్ మూడవ వారములో తూర్పు కంచెవారనున్న బెండసాలులో కాయలు తగ్గుచున్నవని కనిపెట్టితిమి. రాత్రి చూచిన లేతకాయ తెల్లవారునప్పటికి లేదు. గోంగూర కొసలు కూడ ఎవరో గిల్లుచున్నారు. ఎండలో బిందెలు మోసి భుజములు కాయలు కాచినవారికి ఇది చాల బాధ కలిగించెను. వెంటనే ద్వారమునకు తాళము కొని వేసితిమి. ముళ్లకంచెను మరింత దట్టముచేసితిమి. అయినను కాయలు తగ్గుచునే యుండెను. అప్పుడు మాలో ఇద్దరము ఒక తెల్లవారుజామున చింతచెట్టు చాటున కాచియుంటిమి.

కొంచెము వెలుగు వచ్చుచుండగా సందువైపునుండి ఒక చేయి కంచెలోనికి వచ్చెను. వెళ్లి చూడగా, మా సంఘములోని వృద్ధురాలైన ఒక విధవరాలు. ఆమె కొంగున అయిదు బెండకాయలును, పిడికెడు గోంగూరయు ఉండెను. ముండ్లు గీరుకొని ముంజేయి నెత్తురు చిమ్మియుండెను. మేము ఆమెను, “ఏమమ్మా, ఇదేమి పని?” అని అడిగితిమి. అడిగిన స్వరము మంచిది కాదని ఒప్పుకొనుచున్నాము. ఆమె తల ఎత్తక,

“దొంగతనమే అనుకోండి బాబూ. బియ్యం ఉన్నాయి. కూర వండుకొని నాలుగు రోజులైంది. నీళ్లు మొయ్యలేను. మీ పుస్తకంలో నా పేరు లేదు. పేరు లేనిదాన్ని, ఏ మొగంతో అడగను?” అనెను.

కొంగునున్నవాటిని ఆమెనే తీసికొనిపొమ్మంటిమి. అది దయ అని ఆ ఉదయము మేము అనుకొంటిమి. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సంగతి పెద్దల యెదుట పెట్టితిమి.

రెండు పుస్తకములు

ఆ దినమున అనేకులు మాటలాడిరి. పని చేయనివాడు భోజనము చేయకూడదని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసెను గదా అని ఒక పెద్ద అనెను. మోషే ధర్మశాస్త్రములోని పరిగె మాట ధాన్యమునుగూర్చినది, ద్రాక్షలనుగూర్చినది. బెండకాయ మాట అందు ఎక్కడనున్నదని మరియొకరు అనిరి. ఆయన తెలియక మాటలాడలేదు. పూర్వపు యూదా బోధకులు కూడ పొలపు మూల విడుచు విధి నిలువచేసికొను పంటలకే గాని ఆకుకూరలకు చెందదని నిర్ణయించిరి. ఒక్కరికి విడిచినయెడల రేపు పదిమంది వత్తురని ఇంకొకరు భయపడిరి. అందరును కష్టపడినవారే, ఎవరి మాటను తేలికగా తీసివేయుటకు వీలులేకుండెను.

అప్పుడు స్త్రీల సమాజములో పిడికెడు బియ్యపు లెక్క వ్రాయు సహోదరి లేచెను. వంటకు బియ్యము కడుగకముందు ఒక పిడికెడు తీసి వేరు పాత్రలో వేసి, ఆదివారము దేవుని మందిరమునకు తెచ్చుట మన తెలుగు సంఘములలోని తల్లులు ఎరిగిన భక్తి. ఆ సహోదరి తన పుస్తకము తెరచి, “అయ్యగారూ, మీరు ఒక పుస్తకము చూచినారు. ఇది కూడ చూడండి” అనెను.

చూచితిమి. ఆ విధవరాలి పేరు అచ్చట ఉన్నది. ఆమె పేరు ఎదుట ఏ వారమునను ఖాళీ లేదు. జ్వరము వచ్చిన వారమున పొరుగువారి పిల్లవానితో పంపినదని ప్రక్కన వ్రాసియున్నది. చవుకదుకాణపు బియ్యములోనుండియే పిడికెడు తీసినది. ఆ సహోదరి ఇంకొక పుట తిప్పెను. ఫిబ్రవరి నెలలో బావికి క్రొత్త గిలకయు, చేదయు, త్రాడును కొన్నది ఏ డబ్బుతోనో అచ్చట వ్రాసియుండెను. అది పిడికెడు బియ్యము అమ్మగా వచ్చిన డబ్బే.

ఎవరును మాటలాడలేదు. మేము మోసిన ప్రతి బిందెయు ఆ త్రాటిమీద పైకి వచ్చినదే. నీళ్లు మోయనిదని మేము పుస్తకములో వ్రాయని స్త్రీ, మేము బిందె ఎత్తకముందే మాకు నీళ్లు తోడియుండెను. ఆమెకు అడ్డముగా మేము తాళము వేసితిమి.

ప్రియులారా, ఈ సంగతిలో ప్రభువు మాకు మూడు పాఠములు నేర్పెను.

1. అంచు మనది కాదు

లేవీయకాండములో దేవుడు చెప్పిన మాటను నిదానముగా చూడుడి. పొలము కోయునప్పుడు దాని ఓరలను పూర్తిగా కోయకూడదు; రాలిన పరిగెను ఏరుకొనకూడదు; ద్రాక్షతోటలో మిగిలిన పండ్లను పోగుచేసికొనకూడదు. అవి బీదలకును పరదేశులకును విడువబడవలెను. పంట ఇంటికి చేర్చి దానిలోనుండి కొంత దానము చేయుడని ఇచ్చట చెప్పబడలేదు. అసలు కోయకుడని చెప్పబడినది. ఇంటికి చేర్చినది మనది; ఇచ్చినయెడల మనకు దాత అను పేరు వచ్చును. కోయక విడిచినది మొదటనే మనది కాదు. దానివలన మనకు పేరును రాదు. ఆ ఆజ్ఞ చివర దేవుడు తన నామమునే ఉంచెను. నేల యజమాని పేరు అంచువరకే. అంచున ఉన్నది దేవుని పేరు.

అంచు ఎంత వెడల్పు ఉండవలెనో మోషే చెప్పలేదు. క్రీస్తు తరువాత సుమారు 200వ సంవత్సరమున కూర్చబడిన యూదుల మిష్నా, అది 60వ వంతునకు తగ్గకూడదని చెప్పును. ధర్మశాస్త్రము కొలత చెప్పక విడిచినది మన హృదయమును కొలుచుటకేమో. బోయజు ఆ కొలతకు ఆగలేదు. పనలలోనుండియు కొన్ని కావలెనని లాగి పడవేయుడని తన పనివారికి ఆజ్ఞాపించి, ఆమెను గద్దింపవద్దని కూడ చెప్పెను (రూతు 2:15-16). ఈ చివరిమాట మా గుండెను పొడిచెను. మేము ఆమెను కాయలు పట్టుకొనిపోనిచ్చితిమి గాని, గద్దింపక పోనియ్యలేదు. రూతు తన చేతులతో తానే ఏరుకొనెను. ఎవరి వాకిటను చేయి చాపలేదు. బీదవాని కడుపును మాత్రమే గాక, బీదవాని మొగమును కూడ కాపాడు ధర్మము అది. “ఏ మొగంతో అడగను” అని ఆ తల్లి పలికిన మాటకు జవాబు మోషే కాలమునాడే వ్రాయబడియున్నది.

బెండకాయ పేరు ధర్మశాస్త్రములో లేదను మాట నిజమే. అయితే ఆ దినములలో ఓర విడిచినది ఓర కొరకు కాదు, ఆకలిగొనినవానికొరకు. మాటలోని అక్షరము బెండసాలు దగ్గర ఆగినను, మాట పలికినవాని మనస్సు అచ్చట ఆగదు.

2. చేయనొల్లనివాడు వేరు, చేయలేనివాడు వేరు

థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రిక 3వ అధ్యాయము 10వ వచనమును తెరచి మరల చదువుడి. పౌలు మాటలాడినది పని చేయుటకు ఇష్టపడనివానినిగూర్చి. చేతులు బాగుండియు, ఏ పనియు చేయక, పరులజోలికి పోవువారు ఆ సంఘమునందుండిరి. వారికి ఆ మాట చెప్పెను. చేయలేనివారినిగూర్చి అదే అపొస్తలుడు వేరొకచోట మాటలాడెను. ఒకరి సమృద్ధి మరియొకరి అక్కరను తీర్చవలెనని కొరింథీయులకు వ్రాయుచు, అరణ్యములోని మన్నాను జ్ఞాపకము చేసెను (2 కొరింథీ. 8:13-15). మన్నా కూర్చుకొన్నప్పుడు కొందరు ఎక్కువ కూర్చిరి, కొందరు తక్కువ కూర్చిరి. ఓమెరుతో కొలిచి చూడగా, ఎక్కువ కూర్చినవానికి మిగులలేదు, తక్కువ కూర్చినవానికి తక్కువ కాలేదు (నిర్గమ. 16:18). ముసలివారును, పాలిచ్చు తల్లులును ఎక్కువ కూర్చియుండరు. దేవుని కొలత చేతుల బలమును లెక్కించలేదు, ఆకలిని లెక్కించెను. మరునాటికి దాచుకొనినది పురుగుపట్టెను.

ఈ సంగతిని బెండచెట్టు కూడ ఎరుగును. బెండకాయను దినము విడిచి దినము కోయవలెను. లేతకాయను కోసినకొద్దీ చెట్టు క్రొత్తపూత వేయును. కోయక విడిచినయెడల కాయ ముదిరి పీచు కట్టును. కాయలో విత్తనము గట్టిపడినకొద్దీ చెట్టు కాపు తగ్గించును. తాళము వేసిన తరువాత ఆ తూర్పు సాలును శ్రద్ధగా కోయువారు లేక, ముదురుకాయలే ఎక్కువాయెను. ఆ తల్లి కోసికొన్న అయిదు కాయలవలన మా తోట నష్టపోలేదు. మేము ఎవరికిని దక్కనీయక ముదరబెట్టిన కాయలవలన నష్టపోయెను.

3. ఆకలికి త్రోవ, ఆశకు హద్దు

రేపు పదిమంది వత్తురన్న సహోదరుని భయమును వాక్యము పరిహసింపదు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయమున దేవుడు రెండును కలిపి చెప్పెను. పొరుగువాని ద్రాక్షతోటకు వచ్చినవాడు తృప్తిగా తినవచ్చును గాని పాత్రలో వేసికొనకూడదు. పొరుగువాని పైరులో చేతితో వెన్నులు త్రుంచుకొనవచ్చును గాని కొడవలి వేయకూడదు. చేయి ఆకలికి గురుతు. కొడవలి ఆశకు గురుతు. ప్రభువు శిష్యులు పంటచేనిలో వెన్నులు త్రుంచుకొని తినినప్పుడు పరిసయ్యులు ఏమి అనిరో చూడుడి (మత్తయి 12:1-2). విశ్రాంతిదినమును మీరిరని అనిరే గాని, దొంగిలించిరని అనలేదు. తప్పులు వెదకుటయే పనిగా పెట్టుకొనినవారు సహితము పలుకని మాటను, మేము ఆ ఉదయము మా సంఘసహోదరినిగూర్చి మనస్సులో పలికితిమి.

మేము చేసినది

ఆ సోమవారము తాళము తీసివేసితిమి. అంతటితో చాలదని, తూర్పుకంచెను పెరికి రెండు సాళ్లు లోపలికి జరిపి నాటితిమి. కనుక ఆ రెండు సాళ్లు, ఒకటి బెండ, ఒకటి గోంగూర, కంచెకు బయట సందువైపున నిలిచెను. వాటికి కూడ వంతు ప్రకారము నీళ్లు పోయవలెనని తీర్మానించితిమి. చేతితో కోసి కొంగున కట్టుకొనుటకు ఎవరికైనను స్వేచ్ఛ. సంచి తెచ్చుట మాత్రము కూడదు. కోయువారి పేరు ఎవరును వ్రాయకూడదు.

అన్నియు చక్కబడెనని చెప్పినయెడల అది సత్యము కాదు. ఒక రాత్రి ఎవరో సంచితో వచ్చి సాలంతయు ఊడ్చుకొనిపోయిరి. తన చెమటను వీధిపాలు చేసితిమని ఒక కుటుంబము కోపగించి తోటకు వచ్చుట మానెను; వారి ఇంటికి వెళ్లితిమి, ఇంకను వెళ్లుచున్నాము. వారి నొప్పి అబద్ధము కాదు. మేము మొదట వారితో మాటలాడి, తరువాత కంచె జరుపవలసియుండెను. రోహిణి కార్తె వచ్చునప్పటికి బావినీరు అడుగంటి, అన్ని పాదులకు చాలకపోయెను. టమాట పూత వేడికి రాలిపోవుచుండగా ఆ మళ్లను విడిచివేసి, ఎండకు ఓర్చు గోరుచిక్కుడును గోంగూరను నిలుపుకొంటిమి. అట్టి దినములలో బయటి సాళ్లకు నీరెందుకని అడిగినవారును కలరు. నీరు తగ్గినప్పుడు మొదట ఎండునది అంచే. అంచు ఎండకుండ చూచుటయే ఆ నెలలో మా భక్తికి పరీక్ష ఆయెను. కొన్ని దినములు మేము ఆ పరీక్షలో తప్పితిమి. బయటి బెండ సగము వాడిపోయెను. గోంగూర మాత్రము దేవుని దయవలన నిలిచెను.

ఆ తల్లి ఇప్పుడు సాయంకాలములు వచ్చి కంచెయొద్ద కూర్చుండును. మేకలను అదలించును, గోంగూర కట్టలు కట్టి ఇచ్చును. దోసపాదులలోని పాకనుగూర్చి యెషయా చెప్పిన మాట (1:8) ఆమెను చూచినప్పుడు మాకు జ్ఞాపకము వచ్చును. ఇప్పుడు ఆమెయు పని చేయుచున్నది గనుక ఆమె భాగము న్యాయమే అని కొందరు సంతోషించిరి. సహోదరులారా, అట్లనుకొనకుడి. ఆమె మేకను తోలకముందే, గోంగూర కట్టకముందే, పిడికెడు బియ్యపు పుస్తకము మేము చూడకముందే, అంచు ఆమెదే. ఆ పుస్తకములో ఆమె పేరు లేకున్నను అంచు ఆమెదే. మా సిగ్గునకు ఆ పుస్తకము కావలసివచ్చెను గాని, ఆమె హక్కునకు అక్కరలేదు.

మన పుస్తకములు

ఇప్పుడు మీ సంగతి, మా సంగతి కలిపి చూచుకొందము. ప్రతి సంఘమునందును, ప్రతి ఇంటియందును ఏదో ఒక పుస్తకమున్నది. చందాల పుస్తకము, హాజరు పుస్తకము, ఎవరు ఎవరికి ఏమి చేసిరో మనస్సులో వ్రాసికొను పుస్తకము. పుస్తకములు వ్రాయవద్దని మేము చెప్పము. ఉమ్మడి పనికి లెక్క కావలెను. అయితే మన పుస్తకమునకు ఎక్కని సేవ ఎంతయో యున్నది. మంచము పట్టినవారి ప్రార్థన అందు ఎక్కదు. పిల్లలు గలవాని ఇంటిలో అన్నము వండి పెట్టు అవ్వ చాకిరి అందు ఎక్కదు. మేము నాటితిమి, మేము నీళ్లు పోసితిమి అని చెప్పుకొను వారికి, వృద్ధి కలుగజేసినవాడు దేవుడేయని పౌలు జ్ఞాపకము చేసెను (1 కొరింథీ. 3:6-7). వృద్ధి కలుగజేసినవాని పేరు కూడ మా వంతుల పుస్తకములో లేదు. ఆయన భాగము తగ్గించితిమా?

పొలము గలవారు పొలపు గట్టున, పెరడు గలవారు పెరటి గోడవార, పట్టణములలో మేడమీద కుండీలలో పెంచువారు ఒక్క కుండీలోనైనను అంచు విడువుడి. దూరదేశములలో ఉమ్మడి తోటలలో చిన్న మడి తీసికొని, వేసవి మూడునెలలలో గోంగూరయు సొరకాయయు పండించుకొను మన తెలుగు బిడ్డలు అనేకులున్నారు. ఆ ఆకు కొరకు మొగము వాచి, అడుగుటకు సిగ్గుపడు క్రొత్తవారు వారి ఊరిలోను ఉందురు. కోతపండుగనాడు దేవుని బల్లయొద్దకు తెచ్చి వేలము వేయు గుమ్మడికాయ మంచిదే. కాని కోయక విడిచిన కాయ ఏ వేలమునకును రాదు, దానిని ఎవరును చదివి చెప్పరు. దానిని చూచువాడు ఒక్కడే.

చివరిమాట. మన ప్రభువును ఉంచిన సమాధి ఒక తోటలోనిది (యోహాను 19:41). మనుష్యులు ఆ సమాధికి రాయి పొర్లించి, ముద్రవేసి, కావలి పెట్టిరి. దొంగిలింపబడునని వారి భయము. ఆదివారపు తెల్లవారుజామున రాయి తీసివేయబడియుండెను. ఏడ్చుచున్న మరియ తన యెదుట నిలిచినవానిని చూచి, తోటమాలి యనుకొనెను (20:15). ఆమె పొరబడినదని మనము చెప్పుదుము. కాని ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచెను. ఏ పుస్తకములోను పేరు లేనిదానను అనుకొనువారిని పేరు పెట్టి పిలుచు తోటమాలి ఆయనయే. ఈ వేసవిలో మన తోటలకు తాళము వేయకముందు, తెల్లవారుజామున కంచెయొద్ద నిలిచియున్నది ఎవరో నిదానించి చూతము.

ప్రార్థన: మా ప్రభువా, మా బావులకు నీళ్లిచ్చిన నీవు మా పంటకు మొదటి యజమానుడవు. మేము మోసిన బిందెలను లెక్కించుకొని, నీవు మోసిన సిలువను మరచితిమి, క్షమించుము. ఆకలిగొనినవారిని గద్దింపని నోరును, అంచు విడుచు చేతిని మాకు దయచేయుము. మాతో కోపగించి దూరమైనవారిని మరల మా ప్రక్కకు చేర్చుము. నీరు తగ్గిన దినములలో అంచు ఎండిపోనీయక మమ్మును నమ్మకస్థులనుగా నిలువబెట్టుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.